గడప మీద పసుపు

"జర ఆగు కాకా, గీ తలుపు ఉత్తగ తోస్తె రాదు."

పరశురాం తాళం తీసి, తలుపుకు భుజం ఆనించి, కొంచెం పైకెత్తి తోశాడు. తలుపు తెరుచుకుంది. గడప ముందు పడుకున్న గోధుమరంగు కుక్క హన్మయ్యను చూసి గుర్రుమంది. పరశురాంను చూసి తోక ఊపింది.

హన్మయ్య అది గమనించాడు.

బషీరాబాద్ దగ్గరి పల్లె ఆయనది. పుట్టినప్పటి నుంచి గొర్రెల వెంట తిరిగిన మనిషి. భార్య బుగ్గమ్మకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు తాండూరు తెచ్చి రక్తం శుద్ధి చేయించాలి. మొన్న తిరిగిపోతూ ఆటోలోనే సొమ్మసిల్లింది. ఇట్లా తిప్పితే మనిషి దక్కదని నర్సు చెప్పింది. ఆసుపత్రి పక్కన గది తీసుకుందామంటే, జబ్బు మనిషి అనగానే ఇళ్ళవాళ్ళు తలుపులు మూస్తున్నారు. చివరికి బ్రోకరు పరశురాం ఈ గది చూపించాడు.

గది చిన్నదే. కింద బండలు చల్లగా ఉన్నాయి. బుగ్గమ్మ గోడ పట్టుకుని మెల్లగా కూలబడింది.

"ఆడ గాదక్కా, గీ మూలకు పండుకో. కిటికీ గాలి సక్కగ మొఖం మీదికే వస్తది," అన్నాడు పరశురాం. "వానకాలం గా పక్క కారుతది, బకీటు పెట్టుకోవాలె. ఎనక కిటికీ తెరిచినంకనే పొయ్యి ముట్టియ్యుండ్రి. లేకుంటె పొగంత లోపల్నే."

"ఇన్ని ఇండ్లు చూపెడ్తవ్, అన్నీ గిట్లనే యాదికుంటయా?"

"పని గదా కాకా."

హన్మయ్య గడప వైపు చూశాడు. పసుపు తాజాగా ఉంది. కుంకుమ బొట్లు ఇంకా చెదరలేదు. ఖాళీ చేసిపోయేవాళ్ళు గడపకు పసుపు రాసిపోతారా? సొంత ఇల్లాలే రాస్తుంది.

"ఇల్లెవలది?"

"రాధమ్మ అని, పటేలోళ్ళది. వికారాబాద్ల ఉంటది, బస్సుకు వస్తున్నది. కిరాయి ఆమెకియ్యుండ్రి. నాకు ఒక నెల కిరాయి కమీషను. జర ఇప్పుడే కావాలె."

"మెల్లగ ఇస్త తియ్."

"లేదు కాకా. ఇయ్యాల్నే అవసరమున్నది."

వీధి మలుపులో సామాను ఎక్కించిన ఆటో ఆగి ఉంది. మంచం కోళ్ళు పైకి లేచి ఉన్నాయి. ఒక ఆడమనిషి బిందె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పరశురాం మాటిమాటికీ అటే చూస్తున్నాడు.

"ఎవలు వాళ్ళు?" అడిగాడు హన్మయ్య.

"వాళ్ళు గూడ ఇల్లు దేవులాడుతున్నరు."

"మేము కాదంటె వాళ్ళకిస్తవు, గంతేనా? గట్ల బెదిరియ్యకు."

పరశురాం తాళంచెవిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"ఒక మాట అడుగుత తమ్మీ. సంతల నేను గొర్రెనమ్మితె దళారికి నేనే ఇస్త. కొనెటోన్ని అడగడు. మీ తాన ఏంది ఉల్టా?"

"ఓనర్లు ఇయ్యరు కాకా. అడిగితె ఇంకొక బ్రోకరును పిలుస్తరు. ఇల్లు లేనోడే ఇయ్యాలె. గదే పద్ధతి, గదే కాయిదా."

"అంటె ఏ గతి లేనోని మీదనే ఏస్తరు."

"గంతే," అన్నాడు పరశురాం, బండల వైపు చూస్తూ.

"ఇచ్చెయ్యరాదు," అంది బుగ్గమ్మ మూలనుంచి. "పిలగాని మొఖం సూడు. పొద్దుగాల్నుంచి చాయ గూడ తాగినట్టు లేదు."

హన్మయ్య జేబు తడుముకున్నాడు. పొట్టేలును అమ్మిన పైసలు. కమీషనిస్తే వచ్చేవారం సూదులకు ఉండవు.

ఆయన ఊళ్ళో అద్దె ఇళ్ళు లేవు. ఎవరి ఇల్లు వాళ్ళదే. తలుపు ఎవరి భుజానికి తెరుచుకుంటుందో, కుక్క ఎవరికి తోక ఊపుతుందో, ఇల్లు వాళ్ళది.

"నేను సదువుకోలే గని, జీవాలతోని బతికినోన్ని," అన్నాడు. "గీ కుక్క నీది. గీ ఇల్లు నీది. రాధమ్మ లేదు, గీదమ్మ లేదు. నీ ఇంటికి నువ్వే బ్రోకరువై రోగిష్టిదాని తాన కమీషను గుంజుతున్నవ్. కాదని గా కుక్క మీద చెయ్యి పెట్టి చెప్పు."

పరశురాం కుక్కను చూశాడు.

"కుక్క నాదే కాకా," అన్నాడు చివరికి.

"మరి?"

"వద్దు తియ్. నాకేం ఇయ్యకు. అక్కను పండుకోనియ్."

తాళంచెవి కిటికీలో పెట్టాడు. పోతూపోతూ తలుపును పైకెత్తి దగ్గరికేశాడు. కుక్క అతని వెంటే పోయింది.

"చూసినవా, దొరికిండు దొంగ," అని హన్మయ్య నవ్వాడు. ఆయన నవ్వి చాలా రోజులైంది.

బుగ్గమ్మ నవ్వలేదు. గాలి తగిలే చోటికి జరిగి కళ్ళు మూసుకుంది. బయట ఆటో స్టార్టయి, చప్పుడు దూరమైంది.

కాసేపటికి ఎవరో తలుపు తోశారు. రాలేదు. మళ్ళీ తోశారు. హన్మయ్య లేచి, పరశురాం లాగానే పైకెత్తి తీశాడు. ఎదురుగా సంచి పట్టుకుని ఒక పెద్దావిడ. ఎండకు మొహం కందిపోయింది.

"నా ఇల్లయి నాకే రాదు గీ తలుపు," అంది విసుగ్గా. "నేను రాధమ్మను. వికారాబాద్ నుంచి వస్తున్న. మీరేనా కొత్తగ దిగింది?"

హన్మయ్య చెయ్యి తలుపు మీదే ఉండిపోయింది.

"పాత కిరాయోళ్ళు సామాను మొత్తం ఎత్తుకపోయిండ్రా?" ఆమె గదంతా కలియజూసింది. "కిరాయి కట్టక ఎన్నొద్దులాయె. ఇయ్యాల ఖాళీ చెయ్యాలని గట్టిగ చెప్పిన."

"వాళ్ళెవలో మాకు తెల్వదమ్మా."

రాధమ్మ ఆయన వైపు వింతగా చూసింది.

"నీకు ఇల్లు చూపెట్టినోడే."