డైరెక్టరుగారి మాట

"ఈ నెలాఖరుతో నీళ్లబండి ఆపేస్తున్నామని చెప్పండి," అన్నాడు కొత్త డైరెక్టరు సూద్, ఇంగ్లీషులో.

అతని మాటలు ఊరివాళ్లకి తర్జుమా చేసే సూర్యకాంతం వాళ్లవైపు చూసింది. ఎదురుగా ఇప్పచెట్టు కింద ఊరు ఊరంతా కూర్చుని ఉంది. వాళ్ల వెనకాల గనుల కొండ మీంచి దిగే వాగు, తుప్పు కలిపినట్టు ఎర్రగా పారుతోంది.

"సార్, బండి రాకపోతే పిల్లలు ఆ నీళ్లే తాగాలి. ఫిల్టరు బిగించేదాకా బండి ఆగదని పాత డైరెక్టరుగారు వీళ్లకి మాటిచ్చారు."

"ఆయన వెళ్లిపోయాడు. లండన్ ఆఫీసు ఆ కుర్చీలో నన్ను కూర్చోబెట్టింది. ఇకమీదట మన సంస్థ కుట్టుపని, కంప్యూటర్లు నేర్పిస్తుంది. నీళ్ల సంగతి గని కంపెనీ చూసుకుంటుంది."

"నీళ్లు పాడుచేసిందే వాళ్లు కదండీ!"

"గొంతు తగ్గించండి. నా మాట వీళ్లకి గోండీలో చెప్పడం వరకే మీ ఉద్యోగం. చేతకాకపోతే చెప్పండి, జగదల్‌పూర్‌లో గోండీ వచ్చినవాళ్లు బోలెడుమంది."

సూర్యకాంతానికి ఒళ్లు భగ్గున మండింది. ఈయన వచ్చి వారం కాలేదు. ఆ వాగువైపు తలెత్తి చూసింది కూడా లేదు. పైగా ఈ పాపిష్టి మాట తన నోటితో చెప్పిస్తాడట!

ముందు వరసలోంచి భీమే అనే ముసలామె గోండీలో అరిచింది. "ఏందంటడు ఆ కొత్త సాబు? నా మనవరాలు వాంతులతోటి మంచం దిగుతలేదు. నీళ్లబండి వస్తదా, రాదా?"

సూర్యకాంతం దిగ్గున లేచింది. సూద్ వైపు వేలు చూపిస్తూ, ఆఖరి వరసకి కూడా వినబడేటట్టు గోండీలో గట్టిగా చెప్పింది.

ఒక్కసారిగా చప్పట్లు మోగాయి. భీమే గబగబా వచ్చి సూద్ రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది.

సూద్ ముఖం వెలిగిపోయింది. "చూశారా? చెప్పే పద్ధతిలో చెబితే ఎవరైనా అర్థం చేసుకుంటారు. మీరే అనవసరంగా ఆవేశపడ్డారు. పదండి, జగదల్‌పూర్ చాలా దూరం."

జీపుకి అడ్డంగా అప్పటికే ఎడ్లబండి నిలబెట్టేశారు. డ్రైవరు బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. తాళంచెవి భీమే కొంగు ముడిలో ఉంది. ఇద్దరు ఆడవాళ్లు నులకమంచం మోసుకొచ్చి చెట్టునీడన వాల్చారు. ఇంకొకామె వాగులో చెంబు ముంచి తెచ్చి, మంచం పక్కన పెట్టి, తాగమన్నట్టు సూద్‌కి చూపించింది.

"ఏమిటిదంతా?" సూద్ గొంతు కీచుమంది. "అసలు మీరేం చెప్పారు వీళ్లకి?"

సూర్యకాంతం చీరకొంగు నడుముకి బిగించి దోపుకుంది.

"ఫిల్టరు పెట్టేదాకా మీరు ఈ ఊరు కదలనన్నారని, అందాకా ఈ వాగు నీళ్లే తాగుతానని ఒట్టేశారని చెప్పాను సార్."