అవునో కాదో

"అవునో కాదో చెప్పండి, చాలు. కార్ఖానా అంటుకున్నప్పుడు ఈ వాచ్‌మన్ ఇనప జాలీ తలుపు దగ్గర నిలబడి తాళం తిప్పుతున్నాడా, లేదా?"

ప్రభుత్వ వకీలు గొంతుకి సాక్షి బోనులో ఉన్న కుట్టుపని ఆవిడ బెదిరిపోయింది.

"అవునండి. కానీ..."

"చాలమ్మా!" అని ఆయన విందుభోజనం చేసినవాడిలా తృప్తిగా కూర్చున్నాడు.

ఆ మంటల్లో ఒక ఆడమనిషి చనిపోయింది. లోపల పనివాళ్లుండగా తలుపుకి తాళం వేసి పారిపోయాడన్నది వాచ్‌మన్ మీద మోపిన నేరం. అతను ముద్దాయి బోనులో తల దించుకుని నిలబడ్డాడు, ఆ మాటలు ఇంకెవరి గురించో అన్నట్టు.

అతని తరఫు వకీలు లేచింది. వయసులో చిన్నది. పెద్ద కేసులో సాక్షిని ప్రశ్నించడం ఇదే మొదలు. వెనక కుర్చీలో ఆమె సీనియరు ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు.

"అప్పుడు గది నిండా పొగ కదమ్మా?"

"అవునండి."

"కళ్లు మండి నీళ్లు కారుతున్నాయి?"

"అవునండి."

"ఎదురుగా ఉన్న మనిషి మొహం కూడా తెలియనంత పొగ?"

"అవునండి. కానీ..."

సీనియరు ఆమె నల్లకోటు అంచు పట్టుకుని లాగాడు. "గెలిచాం. ఇక కూర్చో," అన్నాడు గొణుగుతూ. "జవాబు తెలియని ప్రశ్న నోరు దాటకూడదని ఎన్నిసార్లు చెప్పాను? కొరివితో తల గోక్కోకు!"

ఆమె కూర్చోబోయింది. అంతలో సాక్షి మొహం చూసింది. ఆవిడ వాచ్‌మన్ వైపే చూస్తోంది. ఇంకేదో చెప్పాలని తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది.

జవాబు ఏమొస్తుందో వకీలుకీ తెలియదు. అయినా అడిగేసింది.

"కానీ... ఏమిటమ్మా? తర్వాత ఏమైంది?"

వెనకనుంచి సీనియరు నిట్టూర్పు వినిపించింది.

"మొహం కనపడలేదు గానీ గొంతు గుర్తుపట్టానండి!" ఆవిడ మాటలు కట్ట తెంచుకున్నాయి. "'కంగారుపడకమ్మా, తీస్తున్నా' అన్నాడు. ఆయన తాళం వెయ్యలేదమ్మా, తీశాడు! నా మీద తడి గోనె కప్పి ఎత్తుకుని పరిగెత్తాడు. గేటు దాటాక నాకు తెలివి తప్పింది. ఇదే చెబుదామని వచ్చాను. అందరూ అవునో కాదో అనమంటారేగానీ, చెప్పనివ్వరు!"

జడ్జి కళ్లజోడు తీసి తుడుచుకుని, ఆ మాటల్ని ఒక్కటీ పోకుండా రాయించాడు. ప్రభుత్వ వకీలు తన కాగితాలు మడిచి పక్కన పెట్టాడు.

మధ్యాహ్నం విరామంలో వరండాలో సీనియరు ఆమె భుజం తట్టాడు. "ఇంకోసారి ఇలా చేశావంటే నా గుండె ఆగిపోతుంది. బాగా చేశావు," అన్నాడు.

బెయిలు మీద ఉన్న వాచ్‌మన్ స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. కుట్టుపని ఆవిడ గబగబా వచ్చి అతని రెండు చేతులూ కళ్లకద్దుకుంది.

"అన్నా, నా పిల్లలకి అమ్మ మిగిలిందంటే నీ పుణ్యమే!"

అతను ఆవిడనే చూస్తుండిపోయాడు. ఒక్కసారిగా చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

వకీలుకి ఒకపక్క సంతోషం, ఒకపక్క ఉక్రోషం. "ఇంత చేసి నాకు ఒక్క ముక్కయినా చెప్పలేదేం బాబాయ్? ఎన్నిసార్లు అడిగాను నిన్ను! తలొంచుకుని జైలుకి పోదామనుకున్నావా?"

అతను భుజంతో కళ్లు తుడుచుకున్నాడు. ఆవిడ చేతులు మాత్రం వదల్లేదు.

"కాపాడలేకపోయాక ఇంకేం చెప్పుకోను? గేటు బయట నా చేతుల్లోనే తల వాల్చేసిందమ్మా... చచ్చిపోయిన మనిషి ఈమే అనుకున్నాను."