డూపు మోకాళ్లు

"సోమవారం కొన్న సీసా శుక్రవారానికి ఖాళీ. ఈ తైలం రాసుకుంటున్నారా, తాగుతున్నారా?"

భార్య నొప్పుల తైలం సీసాను తలకిందులు చేసి ఊపింది. ఒక్క చుక్క రాలలేదు. గుమ్మం దగ్గర బూట్ల తాళ్లు కట్టుకుంటున్న భర్త తల ఎత్తలేదు.

"రాసుకున్నానోయ్. పెద్ద మోకాళ్లు మరి."

"లోకంలో అందరికీ ఉన్నపాటివే. మూత తీస్తే వీధి చివరికి కొట్టే తైలం, మీ దగ్గర వాసనే రాదేం?"

"గాలికి పోతుంది."

"మాటలు కూడా అలాగే పోతాయి మీకు."

అతను సినిమాల్లో డూపు. హీరో గోడ దూకాలన్నా, కిటికీలోంచి పడాలన్నా, అదే చొక్కా, అదే విగ్గు వేసుకుని దూకేదీ పడేదీ అతనే. ముప్పై ఏళ్లుగా ఒకే హీరోకి. ఆ వీపు చూడనివాళ్లు లేరు, ముఖం మాత్రం ఇంట్లో వాళ్లకే తెలుసు. ఇప్పుడు డూపుకి అరవై, హీరోకి అరవై రెండు. హీరో ఇంకా కాలేజీలోనే చదువుతున్నాడు.

కూతురు తడి జుట్టు తుడుచుకుంటూ వచ్చింది. "నాన్ననేం అనకమ్మా. అనాల్సింది ఆ హీరోని. హాయిగా ఏ తాత వేషమో వేసుకోవచ్చుగా? ఆయన కుర్రాడిగా ఉన్నంతకాలం నాన్నకి ముసలితనం రాకూడదు. ఇదెక్కడి న్యాయం?"

"నా హీరో జోలికి రాకు," అంది కిటికీ పక్కనుంచి నాన్నమ్మ. "కిందటి సినిమాలో ఆ గోడ దూకడం నాలుగుసార్లు చూశాను. పాతికేళ్లవాడు దూకమను అలా."

"దూకింది ఆయనా నాన్నమ్మా? నీ కొడుకు."

"పోవే. కన్నదాన్ని, నా కొడుకుని నేను పోల్చుకోలేనా? అది నా హీరోనే."

"అభిమానం ముదిరితే కన్నకొడుకు కూడా కనపడడన్నమాట," అని కూతురు పకపకా నవ్వింది. అతనికి ఉన్నట్టుండి దగ్గు పట్టుకుంది.

"రేపేం సీను?" అడిగింది భార్య.

"ఏముందీ, మేడ మీంచి దూకాలి. కింద లారీ ఉంటుంది."

"ఆగి ఉంటుందా?"

"ఆగి ఉంటే జనం ఎందుకు చూస్తారు?"

బూట్లు బిగించి బయల్దేరాడు. మెట్లు పద్నాలుగు. కమ్మీ పట్టుకుని దిగుతూ రెండుసార్లు ఆగాడు. ఆమె పైనుంచి చూస్తూ నిలబడింది. మెట్లు దిగలేని మనిషి రేపు మేడ మీంచి పరిగెత్తే లారీ మీదకి దూకుతాడట.

మధ్యాహ్నం కుట్టుపెట్టె ముందేసుకుని కూర్చుంది. దూకేటప్పుడు మోకాళ్లకి కట్టుకునే దూది మెత్తలు ఎప్పుడూ ఆమే కుట్టేది. కొత్త జతకి పట్టీలు మరో రెండంగుళాలు పెంచమన్నాడు. ఏడాదిలో పెంచడం ఇది మూడోసారి. మోకాళ్లు అంతగా వాచిపోతున్నాయన్నమాట. చూపించమంటే చూపించడు. పట్టీ కుట్టడం పూర్తయ్యేసరికి ఆమె ఒక నిర్ణయానికి వచ్చేసింది. రాత్రి భోజనాల దగ్గర చెప్పెయ్యాలి. రేపు ఆ మేడ ఎక్కితే ఈ ఇంట్లో పొయ్యి వెలగదు. ఆ మాట వణక్కుండా వచ్చేదాకా వంటింట్లో నాలుగుసార్లు చెప్పుకుని చూసుకుంది కూడా.

అతను చీకటి పడకముందే ఇల్లు చేరాడు. ముఖం చేటంత ఉంది.

నలుగురూ కంచాల ముందు కూర్చున్నారు. ఆమె గరిటె అందుకుంది. "మీతో ఒక మాట చెప్పాలి."

"ముందు నా మాట విను. రేపు దూకడం లేదు. రేపే కాదు, ఇంకెప్పుడూ లేదు."

గరిటె గాల్లోనే ఆగిపోయింది. "మరి లారీ?"

"దాని దారిన అది పోతుంది. హీరో మెట్లు దిగి వస్తాడు. ఎంతసేపు దిగినా ఆగుతామన్నారు కెమెరావాళ్లు. వచ్చే సినిమాలో ఆయన తాత. పొద్దున్నే ఒప్పేసుకున్నాడు."

"అమ్మయ్య," అంది కూతురు.

"అప్పుడే అయిపోలేదు. ఒక షరతు పెట్టాడు. తాతకి తమ్ముడుంటాడు, ఆ వేషం నాకివ్వాలని. వీపు కాదు, ముఖమే. మాటలు కూడా ఉన్నాయి. పదకొండు."

"ఏవిట్రా ఆ మాటలు?" నాన్నమ్మ ముందుకు వంగింది.

అతను గొంతు సవరించుకున్నాడు. "'అన్నయ్యా, మెల్లిగా.' ఏడుసార్లు ఇదే. మిగతా నాలుగూ నేర్చుకోవాలి."

భార్య అడగకుండానే అతని కంచంలో మళ్లీ కూర వేసింది. మళ్లీ వేసింది. వంటింట్లో నాలుగుసార్లు చెప్పుకున్న మాట వృథా అయినందుకు ఆమెకి నవ్వు ఆగడం లేదు.

"మొత్తానికి నీ మోకాళ్ల మీద జాలి కలగడానికి మీ హీరోకి ఇన్నాళ్లు పట్టింది," అంది కూతురు.

అతను తల్లి వైపు చూశాడు. ఆవిడ తాపీగా భోంచేస్తోంది.

"అలా అనకే. తైలం రాసి రాసి నా చేతులే పడిపోయాయి."

"ఎవరికి రాసి?" అంది భార్య.

"ఆ పెద్ద మోకాళ్లకే. నా కాలు పట్టేసిందని తెలిస్తే ఫైట్ మాస్టరు నన్ను మాన్పించేస్తాడని, ఏడాదిగా నా బదులు దూకుతున్నది మా హీరోయే. గొడుగు కింద ఆయన కుర్చీలో, అందరికీ వీపు పెట్టి కూర్చుంటున్నది నేను."