పంపిస్తా సార్

మూతపడ్డ ట్రైనింగ్ సెంటర్‌కి బడ్జెట్‌లో డబ్బులు పెట్టించమని అడగడానికి, మా సీతాఫల్‌మండి బస్తీ పిల్లల తరఫున నేనూ మా ఆవిడ కాంతమణీ ఎమ్మెల్యే దగ్గరికి వెళ్లాం. ఆ రోజు నా ఫ్యాన్ల రిపేరు షాపు కూడా తెరవలేదు.

ఆయన నవ్వాడు. "సెంటర్ సంగతి తర్వాత చూద్దాం అన్నా. నీ కొడుకు అండ్లనే ఏసీ పని నేర్చుకుంటుండె గద? రేపు పొద్దుగాల పంపు, పనిల పెట్టిస్త."

"పంపిస్తా సార్! మీరు సల్లగుండాలె!" అంటూ ఆయన చేతులు పట్టేసుకున్నాను. సెంటర్ మాట మళ్లీ ఎత్తలేదు.

గేటు దాటగానే కాంతమణి నా చొక్కా పట్టుకుంది. "ఎవర్ని పంపుతవయ్యా? పని దొరకలేదని పాణం తీసుకున్న మన జెరెమియానా?"

సార్ పంపమన్న ఆ ఒక్క క్షణం, వాడు ఇంట్లోనే ఉన్నాడనుకున్నాను.