నిండిపోయిన ఖాళీ లాడ్జి

“గదులు ఖాళీగా పెట్టుకుని, యాప్‌లో నిండిపోయాయని అబద్ధం చూపిస్తారేంటండీ? గుండు చేయించిన పసివాణ్ణి ఎండలో నిలబెట్టారు!” గణపవరం నుంచి వచ్చిన సుబ్బలక్ష్మి కేకలేసింది.

చంద్రావతి వెనక్కి తిరిగి చూసింది. ద్వారకా తిరుమలలో ఆమె లాడ్జికి పన్నెండు గదులు. పన్నెండు తాళంచెవులూ మేకులకే వేలాడుతున్నాయి.

“మేమే అలా పెట్టామండీ,” అన్నాడు ఆ బుకింగ్ యాప్ కంపెనీ మేనేజరు దుర్గాసాయి, ఫోన్లోంచి తలెత్తకుండా. “ఏలూరు, గూడెంలో లాడ్జీలు చేర్చుకోవడం అయింది. ఇప్పుడు భీమడోలులో కొత్త లాడ్జికి మన బోర్డు పెట్టాం. మొదటి నెల అది నిండాలి కదండీ, జనాన్ని అటు పంపుతున్నాం. మీరు చేరినప్పుడూ ఇంతే చేశాం.”

చంద్రావతికి కోపం కూడా రాలేదు. తను చేరిన ఆ నెల వరండాలో చాపలేసి మరీ జనాన్ని పడుకోబెట్టింది. స్వామి దయ అనుకుని కొండెక్కి కొబ్బరికాయ కొట్టింది. అదే కంపెనీ బోర్డున్న ఎదుటి లాడ్జిలో వాసవి ఆ నెలంతా ఈగలు తోలుకుంటూ కూర్చుంది.

“లోపలికి రండమ్మా,” అని చంద్రావతి సుబ్బలక్ష్మి చేతిలో తాళంచెవి పెట్టింది.

“యాప్‌లో బుక్ చెయ్యకుండా గది ఇవ్వకూడదండీ!” అడ్డుపడ్డాడు దుర్గాసాయి.

“నిచ్చెన గోడ పక్కనుంది బాబూ. ముందు నా లాడ్జి మీదున్న మీ బోర్డు దింపు. తర్వాత రోడ్డు దాటి, నువ్వు నాకోసం ఖాళీగా కూర్చోబెట్టిన వాసవికి నాకు చెప్పిన ఆ మాట నీ నోటితోనే చెప్పు. ఇప్పుడే.”