ఏటికి ఇవతల

ముసలాయన ఎదురు బల్ల మీద కూర్చోగానే కుసుమ్ చేతిసంచి ఒళ్ళోకి లాక్కుంది.

ఆయన బా పట్నంలో బండి ఎక్కాడు. లుంగీలాంటి మాసిన సులు కట్టుకున్నాడు. వార్తాపత్రిక చుట్టిన పొడవాటి కట్ట ఒకటి ఒళ్ళో పెట్టుకున్నాడు. కొండ రోడ్డు గతుకుల్లో, బల్లలు వేసిన కారియర్ లారీ ఎగిరిపడుతుంటే తను ఊగిపోతున్నాడు కానీ కట్టను మాత్రం వదలడం లేదు.

"ఎక్కడికి, నానీ?" అన్నాడు హిందీలో, అమ్మమ్మను పలకరించినట్టు.

"పై ఊళ్ళో మ్యూజియం చూడ్డానికి," అంది కుసుమ్ తల్లి అమ్మణి.

ముసలాయన నవ్వాడు. "మ్యూజియమా? ఒక గడ్డి ఇల్లు, నాలుగు దుడ్డుకర్రలు, రెండు కుండలు. దానికోసం ఇంత దుమ్ము తింటున్నారా?"

"మా అమ్మ రోలు కూడా అక్కడే ఉందట."

"అమ్మా, దారిన పోయే వాళ్ళందరికీ చెప్పాలా?" కుసుమ్ తెలుగులో గొణిగింది. లౌతోకాలో ఆమె టీచరు.

అమ్మణి చెప్పకుండా ఉండలేకపోయింది. తాత ఏటి బండను తొలిచి చేసిన రోలు అది. ఈ దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది నాన్న ఈ కొండ కింది చెరకు పొలం వదిలేసి నాడీ పట్నం వైపు మకాం మార్చాడు. రోలు బండిలో పట్టలేదు. అమ్మ దాన్ని పై ఊరివాళ్ళకు ఇచ్చేసి, దారి పొడుగునా ఏడ్చింది.

"అందులో వాళ్ళు నీళ్ళలో కలుపుకుని తాగే యంగోనా వేరు దంచుకున్నారట," అంది అమ్మణి. "అమ్మ వింటే తిట్టేది. వెల్లుల్లి కారం నూరే రోలు అది."

"అందుకేనన్నమాట, ఆ ఊరి యంగోనా అంత ఘాటు," అని నవ్వాడు ముసలాయన.

అమ్మణి కూడా నవ్వింది. "ఒక్కసారి ముట్టుకుని చూస్తే చాలు. ఈ మోకాళ్ళు మళ్ళీ రానివ్వవు."

ముసలాయన ఒళ్ళోని కట్టను సర్దుకున్నాడు. "సెవుసెవు తెచ్చారా?" అన్నాడు.

ఊళ్ళో అడుగు పెట్టేముందు పెద్దకు యంగోనా సమర్పించడం అక్కడి మర్యాద. కుసుమ్ బజారులో కొన్న పొడి పొట్లం తీసి చూపించింది. ఆయన ఏదో అనబోయి, తన కట్ట వైపు చూసుకుని ఊరుకున్నాడు.

"యంగోనా వేరు కట్టలు అమ్ముకునేవాడేమో," అంది కుసుమ్ తల్లితో తెలుగులో.

బండి ఏటి ఒడ్డున ఆగింది. చామదుంపల బస్తాలు ఎక్కించుకుని కిందికి వెళ్తుంది, సాయంత్రం మళ్ళీ వస్తుంది.

తల్లీకూతుళ్ళు కర్ర వంతెన దాటారు. ముసలాయన ఇవతలే నిలబడి చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్నాడు. ఏటి నీళ్ళతో తల తడుపుకుని దువ్వుకుంటున్నాడు.

వెదురు పొద వెనక మెట్లెక్కితే చర్చి వచ్చింది. ఊరి పెద్ద జోసేఫా అక్కడే నిలబడి ఉన్నాడు. పొట్లం చూసి ఇబ్బందిగా తల ఊపాడు.

"పొడి ఇంట్లో తాగడానికి. ఊరికి వేరు ఇవ్వాలి."

"మేము చూడాలనుకున్నది ఒక్క రోలే."

"ఆ ఇంట్లో మా పూర్వీకుల వస్తువులున్నాయి. వాళ్ళను అడగకుండా తలుపు తియ్యలేను."

అమ్మణి చర్చి మెట్టు మీద కూలబడింది. తల్లి ముఖం చూసి కుసుమ్ ఏటి వైపు పరుగెత్తింది.

"ఆ కట్ట ఎంతకిస్తావు?"

"అమ్మేది కాదు," అన్నాడు ముసలాయన.

"పెద్దాయన పొడి వద్దన్నాడు. అమ్మ అక్కడ కూర్చుండిపోయింది."

ఆయన చాలాసేపు ఊరి వైపు చూశాడు. తర్వాత కట్టను ఆమె చేతుల్లో పెట్టాడు.

"నిలబడి ఇవ్వకు. కూర్చుని రెండు చేతులతో ఇవ్వు."

"మరి మీరు?"

"ఒట్టి చేతులతో ఎలా వస్తాను? నేను ఇంకోసారి వస్తాలే. మీ అమ్మకు మళ్ళీ కుదరదుగా."

కుసుమ్ వెనక్కి వచ్చి, జరిగింది తల్లి చెవిలో చెప్పి, కూర్చుని రెండు చేతులతో వేరు ఇచ్చింది. జోసేఫా దాన్ని తాకి, కళ్ళు మూసుకుని పూర్వీకులకు విన్నవించాడు. అరచేతులు దొప్పల్లా ముడిచి, ఆచారం ప్రకారం గంభీరంగా చప్పట్లు చరిచాడు.

"బండిలో ఇంకెవరైనా వచ్చారా?" అని అడిగాడు.

అరువు వేరు సంగతి ఎక్కడ బయటపడుతుందోనని కుసుమ్ భయపడింది.

"లేరు."

జోసేఫా దారి వైపు ఓసారి చూసి, తలుపు తీశాడు.

చాప మీద, దుడ్డుకర్రల పక్కన, కొబ్బరినూనె రాసిన నల్లటి రోలు.

అమ్మణి నేల మీద కూర్చుని రోటి గుంటలో చెయ్యి పెట్టింది. అమ్మ ఒంటి చేత్తో కారం నూరుతూ, రెండో చేత్తో తనకు అన్నం ముద్ద పెట్టిన చోటు.

"తుఫానుకు ఇళ్ళన్నీ ఎగిరిపోయాయి, నానీ," అన్నాడు జోసేఫా. "దీన్ని మాత్రం ముందే చర్చిలోకి మోశాం."

"నీ ఊరు చల్లగా ఉండాలి, నాయనా." ఆమె రెండు చేతులూ జోడించింది. "నీ దగ్గర దాచడం నావల్ల కాదు. ఆ వేరు మాది కాదు. మాతో బండిలో వచ్చిన ముసలాయనది. నాకోసం ఇచ్చేసి, ఒట్టి చేతులతో రాకూడదని ఏటి దగ్గరే ఆగిపోయాడు. ఆయన్ను పిలుచుకొస్తే కాళ్ళకు దండం పెట్టుకుంటాను."

కుసుమ్ తల దించుకుంది.

జోసేఫా గబగబా గుమ్మం దాకా వెళ్ళాడు. అప్పటికే కింద బండి బయల్దేరిన చప్పుడు కొండ మలుపు తిరిగి సన్నగిల్లుతోంది.

ఆయన గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు.

"కుర్రతనంలో నాతో తగువాడి ఊరు వదిలిపోయిన మా అన్న, ఇవాళ సెవుసెవుతో వచ్చి రాజీపడతానని కబురు పెట్టాడు, నానీ, పొద్దుటి నుంచి నేను చర్చి దగ్గర నిలబడింది ఆయన కోసమే."