చప్పుడు లేని బండి

పెట్రోలు బండి గెలిస్తే నూర్ మొహమ్మద్‌కు ఉద్యోగం. బ్యాటరీ బండి గెలిస్తే పానాల పెట్టె సర్దుకుని మాచర్ల బస్సెక్కడమే.

ఎత్తిపోతల దారిలో గుట్టల మీద గడ్డి పరిపించి శేషగిరిరావు గోల్ఫ్ మైదానం చేయించాడు. ఆయన మిర్చి వ్యాపారి. ఆ ఆట ఆయనకు రాదు. ఆడేవాళ్లు నడవరని మాత్రం తెలుసు. వాళ్లను గుట్టలెక్కించడానికి ఆరు చిన్న బండ్లు కావాలి. మచ్చుకు పెట్రోలుదొకటి, బ్యాటరీదొకటి వచ్చాయి. బరువుతో గుట్ట బాగా ఎక్కిన రకమే కొంటాడు.

"పెట్రోలుదైతే మెకానిక్ ఉండాల్సిందే, నిన్నే పెట్టుకుంటా," అన్నాడు శేషగిరిరావు. "కానీ నూర్ భాయ్, మా అబ్బాయి పవన్‌గాడి బుల్లెట్‌కి సైలెన్సర్ మార్చింది నువ్వేగా? వాడు రింగురోడ్డు ఎక్కితే మా ఇంట్లో గిన్నెలు కదుల్తన్నాయి. ఆ కోపం ఇంకా పోలా నాకు."

నూర్ మొహమ్మద్ తల వంచుకున్నాడు. కుర్రాడు బతిమాలాడని చేశాడు. ఇప్పుడు అదే మెడకు చుట్టుకునేలా ఉంది.

బ్యాటరీ బండి తెచ్చిన కంపెనీ పిల్ల అల్ఫియా హుషారుగా ఉంది. "మా బండికి ఆయిల్ అక్కర్లేదు సార్, ప్లగ్గు లేదు. మెకానిక్‌తో పనే లేదు!" అని, వెంటనే నూర్ మొహమ్మద్ వైపు తిరిగింది. "చాచా, ఎందుకైనా మంచిది, మీరొకసారి చూస్తారా?"

సీటెత్తి చూశాడు. బ్యాటరీ వైరు దగ్గర నట్టు వదులుగా ఉంది. గుట్ట మీద రెండు కుదుపులకు ఊడుతుంది, బండి ఆగుతుంది. తనకు ఉద్యోగం వస్తుంది. ఒక్క క్షణం చెయ్యి ఆగింది. పాడు చెయ్యి, నట్టు వదులుగా కనబడితే ఊరుకోదు. పానా తీసి బిగించేశాడు.

"బరువు ఏమేద్దాం?" అడిగాడు పవన్.

"ఏందిరా అడిగేది? మిర్చి టిక్కీలు వెయ్యి. బండికి ఆరు," అన్నాడు తండ్రి.

నిండు బస్తాలు ఎక్కాయి. పెట్రోలు బండి గుర్రుమంటూ బయలుదేరి, సగం గుట్టకే పొగ కక్కి, ఆయాసపడుతూ పైకి చేరింది. బ్యాటరీ బండి మాత్రం చదును నేల మీద పోయినట్టు పోయింది. దాని చప్పుడేమీ లేదు. మిరప ఘాటుకు పవన్ తుమ్ముతుంటే ఆ తుమ్ములు కిందిదాకా వినబడ్డాయి.

"చానా బాగుంది! ఆరూ ఇయ్యే!" అన్నాడు శేషగిరిరావు.

నూర్ మొహమ్మద్ పానాను గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టి మూత వేశాడు.

సరిగ్గా అప్పుడే పవన్ బ్యాటరీ బండిని కిందికి దించాడు. దారి మధ్యలో వాళ్లమ్మ కోటేశ్వరి అటు తిరిగి ఫోన్లో మాట్లాడుతోంది. బండి ఆమె వీపు దాకా వచ్చింది. "అమ్మా!" అని వీడు అరిచాడు, ఆమె ఎగిరి పక్కకు దూకింది. గోల్ఫ్ మైదానంలో ఇసుక గుంట ఎందుకుంటుందో అక్కడున్న వాళ్లందరికీ అప్పుడే తెలిసింది.

"ఏందయ్యా ఇది, దెయ్యంలాగా!" ఇసుక దులుపుకుంటూ మొగుడి మీదికొచ్చింది. "బండన్నాక వచ్చేది తెలియొద్దూ? రేపు ఎవరి కాళ్లన్నా ఇరిగితే? నాకీ బండ్లొద్దు!"

పెట్టె పట్టుకుని వెళ్లబోతున్న నూర్ మొహమ్మద్ ఆగాడు. ప్రాణం లేచొచ్చింది. శేషగిరిరావు రెండు బండ్లనూ మార్చి మార్చి చూశాడు.

"అట్టని పెట్రోలు పోసి ఎవడు మేపుతాడే? బ్యాటరీవే కొనేది. అడ్వాన్స్ రాసుకో అమ్మాయ్."

అయిపోయింది. నూర్ మొహమ్మద్ మళ్లీ గేటు వైపు నడిచాడు.

"ఓ నూర్ భాయ్, నిన్నే! ఎక్కడికి పోతన్నావు? పవన్‌గాడి బుల్లెట్ చప్పుడు నీ చేతి పనేగా?"

"తప్పే రావుగారూ, మళ్లీ చెయ్యను."

"చెయ్యకపోతే ఎట్టా? మైకులే పెడతావో డబ్బాలే కడతావో, ఆరు బ్యాటరీ బండ్లకీ ఆ చప్పుడే రావాలి, అది ఆగినప్పుడల్లా బాగుచెయ్యడానికి నువ్విక్కడే ఉండాలి!"